సీసాలోది ఎవరిది

ఫిబ్రవరి 3

ఒరేయ్ తమ్ముడూ,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావని నువ్వే అంటున్నావు, నీ మాట మీద నాకు చిన్నప్పట్నించీ నమ్మకం లేదు. ఫోన్ చెయ్యకుండా ఈ కాలంలో ఉత్తరాలేంటక్కా అంటావు. ఫోన్లో నువ్వు అబద్ధమాడితే నాకు తెలీదు. కాగితం మీదైతే నీ అక్షరాలు ఎడమ పక్కకి ఒరుగుతాయి. పోయిన ఉత్తరంలో "నాకు బీపీ గీపీ ఏమీ లేదు" అన్న వరస మొత్తం తాగొచ్చినోడిలా ఒరిగిపోయుంది.

డిపోలో ఏటా జరిగే పరీక్షకి పది రోజుల ముందు మాత్రలు మొదలుపెడతావంట. సంతకం పడగానే మానేస్తావంట. నీ పెళ్ళామే చెప్పింది. ఆ మాత్రలు డాక్టర్ని సంతోషపెట్టడానికా? నీ వెనకాల సీట్లలో యాభై మంది కూర్చుంటారు, వాళ్ళకి నీ మీద నాకంటే ఎక్కువ నమ్మకం, పాపం.

నా కొడుకు పోయి పది నెలలయింది. ఇరవై తొమ్మిదేళ్ళోడికి బీపీ ఉంటుందని ఎవరనుకుంటారు. పొద్దున్నే మొహం ఉబ్బితే నిద్ర ఎక్కువైందన్నాను. వంగి వంగి టైల్స్ పరిచే మేస్త్రీ కదా, నీరసమంటే పని ఎక్కువైందన్నాను. బాత్రూమ్‌లో నురగ చూసి, నేను పనిచేసే లాండ్రీ నుంచి తెచ్చుకున్న సబ్బుపొడి ఒలకబోస్తున్నాడని తిట్టాను. ఒకసారి కాదు. "నేను ముట్టుకోలేదమ్మా" అన్నాడు. "అయితే నీ ఉచ్చలోనే ఉందా సబ్బు" అన్నాను. ఉంది తమ్ముడూ. సబ్బు కాదు, ప్రోటీనంట. నెలల తరబడి వాడి బలం అందులోంచి పోతుంటే నేను బ్రష్షు పెట్టి కడిగాను.

డాక్టరమ్మ తర్వాత చెప్పింది. కిడ్నీ అంటే జల్లెడంట, రక్తం పోటు ఎక్కువైతే కన్నాలు సాగిపోతాయంట. నాకు వెంటనే అర్థమైంది. మా లాండ్రీలో ఆవిరి గొట్టం కూడా అంతే. ఒత్తిడి పెంచినరోజు ఏమీ కాదు, బట్టలు ఇంకా బాగా వస్తాయి. నెలలు పోయాక అతుకుల దగ్గర చెమ్మ కనబడుతుంది. అప్పుడే తిప్పాలి వాల్వు.

నొప్పి వచ్చాక చూద్దామనుకోకు. నొప్పి రాదు, అదే దాని మోసం. నురగ వస్తోందేమో, కాళ్ళు ఉబ్బి మేజోళ్ళ అచ్చులు పడుతున్నాయేమో చూసుకో. మూత్రం పరీక్ష చేయించు. కంట్లో లైటు వేసి చూడమను, ఒంట్లో నరాలు కొయ్యకుండా కనబడే చోటు అదొక్కటేనంట. గుండె గోడ మందమైందేమో చూపించు.

నీకు మొట్టికాయ వేయడానికి మిగిలిన ఒకే ఒక్క మనిషి,
అక్క


ఫిబ్రవరి 9

అక్కకి,

అక్షరాలు ఒరగకుండా స్కేలు పెట్టి రాస్తున్నాను, చూసుకో.

నువ్వు చెప్పావని పొద్దున్నే బాత్రూమ్‌లో వంగి నా సొంత సరుకు తనిఖీ చేశాను. ఇరవయ్యారేళ్ళ సర్వీసున్న డ్రైవర్ని. నీ మరదలు తలుపు తోసి, "ఏం పడేసుకున్నారు అందులో" అంది. "పరువు" అన్నాను. నురగ లేదు. మేజోళ్ళ అచ్చులు లేవు. పాదాలు రెండే ఉన్నాయి.

అసలు బాధ వేరే ఉంది. డిపోకి కొత్త డాక్టరొచ్చాడు, కుర్రాడు, నవ్వడు. ఈసారి బీపీతో సరిపెట్టడంట. తలా ఒక సీసా ఇచ్చి, పొద్దున్నే మొదటిది ఇంట్లోనే పట్టి తెమ్మన్నాడు. బీపీకైతే మాత్ర మింగి మేనేజ్ చెయ్యగలను. సీసాని ఎలా మేనేజ్ చెయ్యను? తేడా వస్తే స్టీరింగ్ మీంచి దించేస్తారు. స్టీరింగ్ లేకపోతే నేనెవరిని అక్కా, షెడ్డులో బోల్టులు ఏరుకునే ముసలాణ్ణి.

నీ మరదల్ని చూసి నేర్చుకోవాలి ఆరోగ్యమంటే. డిపో కాంటీన్లో రోజూ మూడొందల మందికి వండుతుంది, పొద్దుణ్నించి గంటె గంటెకీ ఉప్పు చూస్తుంది. ఒక్కరోజు పడుకున్నది లేదు, మంచానికే ఆవిడంటే భయం. ఈమధ్య షోకులు కూడా ఎక్కువయ్యాయి. చెప్పులు బిగుతయ్యాయని పెద్ద సైజు కొనిపించుకుంది. యాభయ్యేళ్ళకి పాదాలు పెరిగే మనిషిని నేనెక్కడా చూడలేదు. కాంటీన్లో తూకం ముల్లు కనబడ్డంలేదని పక్కవాళ్ళ చేత చదివించుకుంటోందంట, కళ్ళజోడు పెట్టుకోవాలని సరదా.

మన మేస్త్రీ గురించి రాశావు. నురగ మాట చదివి బస్సు ఐదు నిమిషాలు లేటుగా తీశాను. నీ తప్పు కాదని రాస్తే నమ్మవు, అందుకే రాయడంలేదు.

తమ్ముడు


ఫిబ్రవరి 14

ఒరేయ్ గడుగ్గాయీ,

స్కేలు పెట్టినా దొరికిపోయావు. చెప్పులు బిగుతయింది నీకు. కళ్ళు ఆననిది నీకు. నీ రోగం తీసుకెళ్ళి పెళ్ళాం పేరు మీద రాస్తే అక్క కనిపెట్టలేదనుకున్నావా. మూడో తరగతితో ఆపేసినా మనుషుల్ని చదవడం ఆపలేదు నేను.

మీ డిపో మీసాలాయన ఈ రూట్లో వస్తాడు కదా, ఆయన చేత బీపీ మెషిన్ పంపిస్తున్నాను. వాడి కోసం కొన్నది. నలభై రోజులే పనిచేసింది, దానికింకా చాలా సర్వీసుంది. కాసేపు ఊరికే కూర్చుని, మాట్లాడకుండా, చెయ్యి బల్ల మీద పెట్టి కట్టుకో. మాట్లాడకుండా అంటే నీకు కష్టమేననుకో. పొద్దున, సాయంత్రం చూసి రాసి పంపు. పట్టీ జాగ్రత్త. లోపలి పక్క వాడి పెన్సిల్ గీత ఉంటుంది, చేతికి ఎక్కడిదాకా రావాలో గుర్తు పెట్టుకున్నాడు. తుడవకు.

ఉప్పు తగ్గించమని నీ పెళ్ళానికి చెప్పు. వినకపోతే నేనే వచ్చి ఆ గంటె లాక్కుంటానని చెప్పు.

ఇక్కడ మా లాండ్రీ ఓనరు నన్ను ఇస్త్రీ బల్ల దగ్గర్నించి లెక్కచూసే కుర్చీలోకి మార్చాడు. జాలంట. రెండు రోజులు కూర్చుని లేచొచ్చేశాను. కూర్చుంటే ఆలోచన వస్తుంది, ఇస్త్రీ పెట్టెకైతే కాలుతుందన్న భయమైనా ఉంటుంది.

అక్క


ఫిబ్రవరి 23

అక్కా,

ఇది చదివి చింపెయ్యి. స్కేలు పెట్టలేదు, అన్నీ నిజాలే.

పరీక్ష గట్టెక్కింది. బీపీ నూట ముప్పై నాలుగు, మాత్రల పుణ్యం. ఇక సీసా. ముందురోజు దాన్ని చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. తర్వాత నీ మరదల్ని అడిగాను, "నీది కొంచెం ఇస్తావా" అని. ఆవిడ గంటె పక్కన పెట్టి నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇరవయ్యేడేళ్ళలో మీకు అన్నీ ఇచ్చాను, ఇదొక్కటే మిగిలింది" అంది. పొద్దున్నే సీసా నింపి, మూత బిగించి, గుడ్డతో తుడిచి మరీ ఇచ్చింది. నా పేరు రాసిన చీటీ అంటించి ఇచ్చేశాను. డిపో మొత్తంలో అంత ఆరోగ్యమైన సీసా ఇంకొకటి ఉండదు.

నీ మెషిన్ మాత్రం పాడైందక్కా, ఏమీ అనుకోకు. నాకు నూట యాభై రెండు చూపించింది. అనుమానమొచ్చి, ఏ రోగమూ లేని మనిషికి కడితే మెషిన్ సంగతి తెలిసిపోతుందని నీ మరదలికి కట్టాను. నూట ఎనభై నాలుగు, కింద నూట పన్నెండు. నవ్వలేక చచ్చాం. ఆవిడకి బీపీ ఏంటి, అందరికీ తెప్పించేదే ఆవిడైతే. మెషిన్ అలమారలో పెట్టాను. పెన్సిల్ గీత తుడవలేదు.

గంటె లాక్కుంటానన్న మాట నేను నవ్వుతూనే చెప్పాను, ఆవిడ నవ్వలేదు. "మీ అక్కకి చెప్పండి, నా వంట మీదికి రావద్దని" అంది. నువ్వూ ఆవిడా ఎలాగో తేల్చుకోండి.

పాసైన తమ్ముడు


ఫిబ్రవరి 27

గాడిదా,

చింపలేదు. దాచాను. రేపు నీకేమన్నా అయితే డాక్టర్లకి చూపించడానికి.

పెళ్ళాం ఉచ్చ తీసుకెళ్ళి నాది అని ఇచ్చొచ్చిన మగాడు నా రక్తం పంచుకుని పుట్టాడు. ఎవరికి చెప్పుకోను. కాపీకొట్టి పాసవడానికి అదేమన్నా లెక్కల పరీక్షా? నువ్వు మోసం చేసింది డాక్టర్ని కాదు. నీ కిడ్నీలు నీలాగే దొంగవి, అవీ చెప్పవు, నువ్వూ చెప్పవు.

మెషిన్ పాడైందని ఇంకోసారి అనకు. వాడి చేతికి కట్టినన్నాళ్ళూ ఒక్క అంకె తప్పు చూపలేదు, నేను ఎంత మొక్కుకున్నా తగ్గించి చూపలేదు. నీ నూట యాభై రెండు నిజం. నీ పెళ్ళానికంటావా, ఆవిడ నన్ను తిడుతుండగా కట్టుంటావు. తిట్టేటప్పుడు ఎవరికైనా పెరుగుతుంది. నా మీద అంత కోపమని నాకు తెలీదు.

రేపే వెళ్ళి, నీ సొంతది ఇచ్చి రా.

అక్క


మార్చి 6

అక్కా,

కొంప మునిగింది.

రిపోర్టు వచ్చింది. నా సీసాలో ప్రోటీన్ చాలా ఉందంట. ఆ నవ్వని కుర్రాడు నన్ను కూర్చోబెట్టి, "కిడ్నీల మీద బీపీ దెబ్బ పడటం మొదలైనట్టుంది, ఇంకోసారి పరీక్ష చెయ్యాలి, రక్తం కూడా" అన్నాడు. తేలేదాకా స్టీరింగ్ లేదు. షెడ్డులో కూర్చోబెట్టారు. నేను భయపడిందే అయింది. బోల్టులు ఏరుతున్నాను, పెద్దవి ఒక డబ్బాలో, చిన్నవి ఒక డబ్బాలో.

ల్యాబు వాళ్ళు ఎవరిదో ఎవరికో కలిపేశారు, అంతే. "నాది కాదండీ" అని గొంతుదాకా వచ్చింది. ఎలా చెప్పను? నీ మరదలికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. "దొంగతనంగా ఇచ్చినా మీకు మార్కులు రాలేదు" అంది. ఈసారి నాదే ఇస్తాను. దానికంటే అన్యాయంగా అయితే ఉండదు కదా.

అన్నిచోట్లా మెషిన్లు ఇలా చెడిపోతే మనిషి ఎవర్ని నమ్మాలి.

తమ్ముడు


మార్చి 9

తమ్ముడూ,

మీసాలాయన చేతికిస్తున్నాను. ఆయన ఎదురుగానే చదువు. జవాబు ఆయనకే రాసివ్వు.

సీసాలోది ఎవరిది?

నీది కాదు. ల్యాబు కలపలేదు. మెషిన్ చెడలేదు. చెప్పులు బిగుతయింది ఆవిడకే, ముల్లు కనబడనిది ఆవిడకే. నువ్వు మొదటిసారి నిజాలు రాస్తే నేను అబద్ధాలనుకున్నాను. నూట ఎనభై నాలుగు అని రాస్తే నన్ను తిట్టడం వల్ల అని నాకు నేనే చెప్పుకున్నాను. రెండోసారి కళ్ళముందున్నదాన్ని కడిగేశాన్రా నేను.

నువ్వు డ్రైవరువి కాబట్టి నిన్ను ఏటా చూస్తారు. కాంటీను మనుషులు కాంట్రాక్టు, వాళ్ళ చేతికి ఎవరూ ఏ పట్టీ కట్టరు. ఆవిణ్ణి ఇప్పుడే డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళు. సీసా సంగతి చెప్పెయ్యి. స్టీరింగ్ పోతే పోనీ.

అక్క


మార్చి 9, షెడ్డు నుంచి

అక్కా,

చదివాను. మీసాలాయన టీ తాగుతున్నాడు. ట్రిప్పు షీటు వెనకాల రాస్తున్నాను.

వెంటనే కాంటీనుకి వెళ్ళి చెప్పాను. రానంది. "నేను వెళ్తే ఈ పూట వీళ్ళకి ఎవరు వండుతారు, మీరా" అంది. బతిమాలాను. అప్పుడు నీ మీద పడింది. "మీ అక్క కొడుకుని పోగొట్టుకుంది, అందుకే ఎవర్ని చూసినా రోగమే కనబడుతుంది. ముందు మీకంటగట్టింది, ఇప్పుడు నాకు" అంది. నీకు రాయకూడదనుకున్నాను కానీ దాచడం వల్లే ఇక్కడిదాకా వచ్చాం.

నాకు నవ్వు రావడంలేదక్కా. ఆవిడ నా ముందే మళ్ళీ గంటెతో ఉప్పు చూసింది.

తమ్ముడు


మార్చి 10

మరదలా,

ఎప్పుడూ వాడికే రాస్తాను, నీకు రాయడం ఇదే మొదటిసారి. మీసాలాయన ఈ మధ్య బస్సుకంటే మన ఉత్తరాలే ఎక్కువ మోస్తున్నాడు.

నువ్వన్నది నిజమే. నాకు అందరిలోనూ రోగమే కనబడుతోంది. పక్కింటావిడ ఆవలిస్తే కాళ్ళవంక చూస్తాను. లాండ్రీకి వచ్చే బట్టలు చూసి మేజోళ్ళ రబ్బరు బిగుతేమో అనుకుంటాను. ఓనరు నన్ను చూసి ప్యాంటు కిందికి లాక్కుంటున్నాడు. పిచ్చిదాన్ని అనుకో. ఒప్పుకుంటాను.

కానీ ఆ సీసా నింపింది నేను కాదు కదా తల్లీ. దానికి కొడుకు పోలేదు. దానికి నీ మీద కోపం లేదు.

గంటె లాక్కుంటానన్నాను, తప్పు. నీ గంటె జోలికి రాను. నా కొడుకు ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వు రెండు బస్సులు మారి క్యారేజీ తెచ్చేదానివి. ఉప్పు లేకుండా వాడి ఒక్కడి కోసం వేరే వండేదానివి. "అత్త వంటలో ఉప్పు లేకపోయినా తినాలనిపిస్తుంది" అన్నాడు వాడు. ఈ మాట నీకు ఇప్పటిదాకా చెప్పలేదు. ఎందుకంటే నా వంటని వాడు ఒక్కనాడూ అలా అనలేదు, నాకు కుళ్ళు.

వాడికి తెలిసేసరికి కిడ్నీలు రెండూ కుంచించుకుపోయాయి. నీది ఇంకా కారడం మొదలుపెట్టిన దశేమో. మొదట్లో అయితే మాత్రలతో ఆపొచ్చని అదే డాక్టరమ్మ నాతో అంది. నేను అడిగిన ప్రశ్న అది, "ముందొచ్చుంటే?" అని. ఆవిడ చెప్పింది. ఆ జవాబు నా దగ్గర ఊరికే పడుంది. నాకు పనికిరాదు. నువ్వు తీసుకో.

రాకపోతే నేనే వచ్చి ఆ కాంటీన్లో కూర్చుంటాను. నేను కూర్చుంటే మాట్లాడతాను. ఆలోచించుకో.

వదిన


మార్చి 15

అక్కా,

ఏం రాశావో నాకు చూపించలేదు. మడిచి ఉప్పు డబ్బా కింద పెట్టింది. మర్నాడు కాంటీన్లో ఇంకొకావిడకి గంటె ఇచ్చి, చెయ్యి కడుక్కుని, "పదండి" అంది. అంతే.

నవ్వని డాక్టరుకి సీసా సంగతి మొత్తం చెప్పాను. అక్కా, నవ్వాడు. తర్వాత చాలాసేపు తిట్టాడు. ఆవిడకి బీపీ మూడుసార్లు చూశాడు, మన మెషిన్ చూపించినంతే. మాత్ర మొదలుపెట్టాడు. నా సొంత సీసా కూడా తీసుకున్నాడు, అది బాగానే ఉందంట, కానీ ఏడాది పొడుగునా మాత్రలు మింగాల్సిందే. మూడు నెలలు షెడ్డు, ఆ తర్వాత స్టీరింగ్ మాట చూద్దామన్నారు. మెమో ఇచ్చారు. అందులో నేను చేసిన పని పెద్ద పెద్ద మాటల్లో రాశారు, చదివితే నాకే గౌరవంగా అనిపించింది.

ఆవిడకి కన్ను, గుండె, రక్తం పరీక్షలకి మీ ఊరి పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. మేస్త్రీ ఉన్నదే. నువ్వు ఆ వీధి మొహం చూడటంలేదని, లాండ్రీకి కూడా చుట్టూ తిరిగి వెళ్తున్నావని నాకు తెలుసు. నేనే వస్తాను తోడు. ఆవిడ మాత్రం "వదిన వస్తేనే వెళ్తాను" అంటోంది. ఏం చెప్పమంటావు?

తమ్ముడు


మార్చి 22

తమ్ముడూ,

నీ పెళ్ళాం క్షేమంగా ఉంది, నా వంటగది మాత్రం లేదు. వచ్చిన గంటలో డబ్బాలన్నీ చోటు మార్చేసింది. నిన్న నా వంట రుచి చూసి, "వదినా, ఇందులో ఉప్పు తగ్గించక్కర్లేదు, మీరు ఎప్పుడూ వెయ్యలేదు" అంది. ఊరుకున్నాను. బీపీ మనిషి కదా.

రక్తం పరీక్ష బాగుంది. కిడ్నీలు ఇంకా పని చేస్తున్నాయి, కారడం మాత్రమే మొదలైంది. కంట్లో లైటు వేసి చూసి, నరాలు కొంచెం సన్నబడ్డాయన్నారు. గుండె గోడ కొంచెం మందమైంది. "కొంచెం" అన్న మాట ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు నేను వేళ్ళు మడిచాను. రోజూ మాత్ర, మూడు నెలలకోసారి సీసా. ఈసారి ఎవరి సీసా వాళ్ళది.

ఆస్పత్రి వీధి మలుపులో నేను ఆగిపోయాను. ఆవిడ కొత్త చెప్పులు విప్పి, రాయి పడిందని దులుపుతూ కూర్చుంది, ఒక చెప్పు, తర్వాత రెండోది, మళ్ళీ మొదటిది. రాయి లేదు, నేను చూశాను. ఎంతసేపైనా దులిపేదే. చివరికి నేనే లేపాను.

పైన కిడ్నీ వార్డు ముందు పెద్ద నర్సు, వాడికి రోజూ సూది గుచ్చిన ఆవిడే, దూరం నుంచి గుర్తుపట్టింది. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యివేసింది. నా పక్కన నీ పెళ్ళాన్ని చూసి మొహం వాడిపోయింది. "మళ్ళీ ఎవరమ్మా?" అంది.

"మా మరదలు" అన్నాను. "ఈసారి ముందే వచ్చాం."

అక్క